అడ్వాన్సు ఎవరి సొమ్ము? బాడుగ ఇళ్లపై తిరుపతి పాఠకుల ప్రశ్నలు, జవాబులు

జూన్, జూలై నెలలు వచ్చాయంటే బాలాజీ కాలనీ నుంచి పద్మావతీపురం దాకా గేటుగేటుకూ ‘టులెట్’ అట్టలు వేలాడుతాయి. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలైన నాటినుంచీ ఈ ఊరికి చదువుకోవడానికి వచ్చేవాళ్లు మిద్దెపైన ఒక గదో, వెనకవైపు ఒక పోర్షనో వెతుక్కుంటూనే ఉన్నారు. వైద్య కళాశాల, మహిళా విశ్వవిద్యాలయం, పశువైద్య విశ్వవిద్యాలయం, 2015లో ప్రారంభమైన ఐఐటీ, ఐసర్ ఒకదాని తరువాత ఒకటి వచ్చి ఆ వెతుకులాటను పెంచాయి. ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం బాడుగ ఇళ్ల గురించే కావడంతో ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయించాము. ఉత్తరాలను కుదించాము, పేర్లు తీసివేశాము.

ప్రశ్న: మేము నలుగురం పీజీ విద్యార్థినులం. పద్మావతీపురంలో ఒక పోర్షన్‌లో రెండేళ్లు ఉన్నాము. చేరినప్పుడు మూడు నెలల బాడుగ, అంటే 36,000 రూపాయలు అడ్వాన్సుగా ఇచ్చాము. ఖాళీ చేసేటప్పుడు ఓనరు గారు గోడలకు మేకుల గుర్తులు ఉన్నాయని, వంటింట్లో స్టవ్ వెనక గోడ నల్లబడిందని చెప్పి, రంగులకు 18,000, శుభ్రం చేయించడానికి 3,000 పట్టుకొని మిగిలింది ఇచ్చారు. అగ్రిమెంటులో రంగుల మాటే లేదు. ఇది న్యాయమేనా?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: అడ్వాన్సు అనే మాట మన ఊళ్లో ఎంతగా అరిగిపోయిందంటే, ఇచ్చినవాళ్లూ తీసుకున్నవాళ్లూ కూడా అది ఎవరి సొమ్మో మరచిపోయారు. అది మీ సొమ్ము. బాడుగ బకాయి పడినా, ఇంటికి నష్టం జరిగినా సర్దుబాటు చేసుకోవడానికి ఓనరు దగ్గర ఉంచిన పూచీ మాత్రమే. కాబట్టి అందులోంచి ఒక్క రూపాయి తగ్గించాలన్నా, ఏ నష్టానికి ఎంత ఖర్చయిందో చూపించవలసిన బాధ్యత ఓనరుదే.

ఇక నష్టం అంటే ఏమిటి? 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్ ప్రకారం, బాడుగకు ఉన్నవారు ఇంటిని తాము తీసుకున్నప్పటి స్థితిలోనే అప్పగించాలి; అయితే మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలను, మనిషి చేతిలో లేని కారణాల వల్ల జరిగిన మార్పులను ఆ లెక్కలోంచి మినహాయించాలి. నలుగురు ఆడపిల్లలు రెండేళ్లు వండుకొని తిన్న వంటింట్లో స్టవ్ వెనక గోడ నల్లబడకపోతేనే ఆశ్చర్యపోవాలి. క్యాలెండరుకూ అద్దానికీ కొట్టిన మేకుల గుర్తులూ అంతే. కిటికీ అద్దం పగలగొట్టినా, వాష్‌బేసిన్ బీటలు వారేలా చేసినా, గోడకు డ్రిల్లు పెట్టి టైలు ఊడదీసినా అది వేరే సంగతి. ఆ ఖర్చు మీరే భరించాలి.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఈ గీతను ఇంకా స్పష్టంగా గీసింది. నమూనా అంటే నమూనాయే, రాష్ట్రం తన శాసనంగా చేసుకుంటే తప్ప దానంతట అది అమలులోకి రాదు. అయినా ఏది సబబు, ఏది కాదు అని మాట్లాడుకోవడానికి మంచి కొలబద్ద. గోడలకు సున్నమూ తలుపులకూ కిటికీలకూ రంగులూ వేయించడం, నీటి గొట్టాలు మార్చడం, కరెంటు వైరింగు బాగుచేయించడం ఇంటి యజమాని పనులని, కొళాయి వాషర్లు, స్విచ్చులు, తాళాలు, గడియల వంటి చిల్లర మరమ్మతులు బాడుగకు ఉన్నవారి పనులని అందులో విడివిడిగా రాశారు. నివాస గృహానికి పూచీ సొమ్ము రెండు నెలల బాడుగ దాటరాదని కూడా అందులోనే ఉంది. మీ దగ్గర తీసుకున్నది మూడు నెలలు.

అయితే ఒక హెచ్చరిక. 108వ సెక్షన్ అంతా ‘వేరే ఒప్పందం లేనప్పుడు’ వర్తించేది. ఖాళీ చేసేటప్పుడు ఒక నెల బాడుగ రంగుల కింద పట్టుకుంటామని అగ్రిమెంటులో రాసి మీ చేత సంతకం చేయించి ఉంటే నేను ఇంత ధైర్యంగా రాయలేను. అందుకే ఆ కాగితాన్ని, వెనక పేజీతో సహా, మరోసారి చదవండి.

అందులో నిజంగా రంగుల మాట లేకపోతే, ఎంత అడ్వాన్సు ఇచ్చారు, ఎంత తిరిగి వచ్చింది, ఏ కారణం చెప్పి ఎంత పట్టుకున్నారు అన్న వివరాలతో ఒక పేజీ ఉత్తరం రాసి, 15 రోజులలో మిగిలిన సొమ్ము ఇవ్వాలని లేదా ఖర్చు రసీదులు చూపాలని కోరుతూ, రసీదుతో కూడిన రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. చాలా తగాదాలు ఈ ఉత్తరంతోనే సగం తేలిపోతాయని నా అనుభవం. ఫోనులో గొంతు పెంచే పెద్దమనిషి కూడా కాగితం చూసేసరికి కొంచెం తగ్గుతారు. అప్పటికీ కదలకపోతే తిరుపతి కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవాధికార కమిటీకి దరఖాస్తు పెట్టండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే దానికి సివిల్ కోర్టు డిక్రీకున్నంత బలం ఉంటుంది, కోర్టు ఫీజూ ఉండదు. న్యాయ సహాయ నంబరు 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. సొమ్ము రాబట్టుకోవడానికి దావా వేసే గడువు మూడేళ్లు కాబట్టి కంగారు అవసరం లేదు. అలాగని ఊళ్లు మారిపోయి, నలుగురూ నాలుగు దిక్కులకు వెళ్లేదాకా ఆగడమూ మంచిది కాదు.

ప్రశ్న: కొర్లగుంటలో మా ఇంట్లో మూడు పోర్షన్లకు కలిపి ఒకటే కరెంటు మీటరు. లోపల విడివిడిగా చిన్న మీటర్లు పెట్టి, ఓనరు గారు యూనిట్‌కు 10 రూపాయలు వసూలు చేస్తున్నారు. బిల్లు చూపమంటే ‘ఇష్టముంటే ఉండండి’ అంటున్నారు.
– బి.టెక్. విద్యార్థి

జవాబు: ఇక్కడ ముందు లెక్క చూద్దాం, కోపం తరువాత. 2022–23 టారిఫ్ ఉత్తర్వు ప్రకారం మన రాష్ట్రంలో గృహ వినియోగానికి మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 31 నుంచి 75 దాకా 3.00, 76 నుంచి 125 దాకా 4.50, 126 నుంచి 225 దాకా 6.00, 226 నుంచి 400 దాకా 8.75, ఆపైన 9.75 రూపాయలు. అంటే ఒకే మీటరు మీద వాడకం పెరిగేకొద్దీ ధర మెట్లెక్కుతుంది.

మీ ఇంట్లో మూడు పోర్షన్లూ తలా 100 యూనిట్లు వాడాయనుకోండి. ఎవరి మీటరు వారికి ఉంటే ఒక్కొక్కరికి 57, 135, 112.50 కలిపి 304.50 రూపాయలు, మూడు పోర్షన్లకు 913.50. అదే 300 యూనిట్లూ ఒకే మీటరు మీద తిరిగితే బిల్లు 1,673.25 రూపాయలకు చేరుతుంది. స్థిర చార్జీలు, సుంకం, ఇంధన సర్దుబాటు చార్జీలు దీనికి అదనం. ఓనరు గారు మీ ముగ్గురి దగ్గర వసూలు చేసేది 3,000. ఆ అదనపు చార్జీలు ఎంత ఉన్నాయో ఆ నెల బిల్లు చూస్తే తప్ప తెలియదు, ఆయన చూపనంటున్నది ఆ బిల్లునే. అంటే ఇక్కడ రెండు నష్టాలున్నాయి. ఒకటి ఉమ్మడి మీటరు వల్ల అందరికీ పడేది, అందులో ఓనరు లాభమేమీ లేదు. రెండోది బిల్లుకు మించి వసూలు చేయడం వల్ల మీకు మాత్రమే పడేది.

రెండోదానికి తేలికైన మందు ఉంది: ప్రతి నెలా అసలు బిల్లు మొత్తాన్ని చిన్న మీటర్ల యూనిట్ల నిష్పత్తిలో పంచుకుందామని మూడు పోర్షన్ల వాళ్లూ కలిసి అడగండి. సర్వీసు నంబరు తెలిస్తే బిల్లు ఎవరైనా ఫోనులో చూడవచ్చు. మీటరు పెట్టె దగ్గర ఆ నంబరు రాసే ఉంటుంది, దాన్ని ఎవరూ దాచలేరు. మొదటిదానికి శాశ్వతమైన మందు విడి సర్వీసు తీసుకోవడం. 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ప్రకారం ఇంటి యజమానే కాదు, ఆ ఇంట్లో ఉంటున్నవారు కూడా కనెక్షన్ కోరవచ్చు. వాస్తవంలో యజమాని సమ్మతి పత్రం లేకుండా ఆ దరఖాస్తు సాఫీగా సాగదు కాబట్టి, ఈ 759.75 రూపాయల తేడా లెక్కను కాగితం మీద వేసి ఆయనకు చూపండి. మిద్దెలు కట్టించిన వాళ్లకు మాటలకంటే లెక్కలు తొందరగా అర్థమవుతాయి.

ప్రశ్న: మాది పలమనేరు. మా అబ్బాయికి తిరుపతిలో సీటు వచ్చింది. నేను, నా భార్య కూడా అక్కడే ఉండి వంట చేసిపెడదామని ఇల్లు చూశాము. ఓనరు 6 లక్షలు ఇస్తే మూడేళ్లు భోగ్యానికి ఇస్తానని, బాడుగ అక్కరలేదని, గడువు తీరాక 6 లక్షలూ తిరిగి ఇస్తానని అంటున్నాడు. నూరు రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకొని నోటరీ చేయిస్తే చాలునంటున్నారు. నమ్మవచ్చునా?
– ఒక రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: అయ్యా, మీరు సొమ్ము ఇంకా ఇవ్వకుండా అడిగారు కాబట్టి ఈ ఉత్తరం నాకు ఈ నెల వచ్చిన వాటిలో అన్నిటికంటే సంతోషం కలిగించింది. ఇచ్చాక అడిగే ఉత్తరాలే ఎక్కువ.

భోగ్యం మన చిత్తూరు ప్రాంతంలో తాతల నాటి పద్ధతి. పొలాలకు ఉన్నట్టే ఇళ్లకూ ఉంది. ఇందులో తప్పేమీ లేదు, కాని దాన్ని చట్టం బాడుగగా చూడదు. సొమ్ము అప్పుగా తీసుకొని, వడ్డీకి బదులు ఇంటిని అనుభవించమని స్వాధీనం చేయడం స్వాధీన తనఖా అవుతుంది. ఆస్తి బదలాయింపు చట్టం 58వ సెక్షన్‌లో దీనికి ప్రత్యేకంగా నిర్వచనం ఉంది. ఆ వెంటనే 59వ సెక్షన్, అసలు మొత్తం 100 రూపాయలు గాని అంతకు మించి గాని ఉన్న తనఖా, ఇచ్చేవారి సంతకంతో, కనీసం ఇద్దరు సాక్షులతో, రిజిస్టరు అయిన దస్తావేజు ద్వారానే చెల్లుతుందని చెబుతుంది. 1882లో 100 రూపాయలు పెద్ద మొత్తం. ఇవాళ అది ప్రతి భోగ్యానికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అనడంతో సమానం. ఒకవేళ ఆ కాగితాన్ని మూడేళ్ల లీజు అని పేరు మార్చి రాసుకున్నా, ఏడాదికి మించిన లీజుకు 107వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ కావలసిందే. ఏ పేరుతో వెళ్లినా దారి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం గుమ్మం దగ్గరికే చేరుతుంది.

నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్ కాదు. ఆ ముద్ర మీరిద్దరూ సంతకాలు పెట్టారని చెబుతుందే గాని, ఇంటి మీద మీకు హక్కు ఇవ్వదు. రిజిస్టరు కాని కాగితంతో మీ 6 లక్షలు ఏ పూచీ లేని చేబదులుగా మిగులుతాయి. రాబట్టుకోవడానికి దావా వేయవచ్చు, కాని ఇంటిని పట్టుకొని నిలబడలేరు. రిజిస్టరైన తనఖా ఉంటే, సొమ్ము చేతికి వచ్చేదాకా ఇల్లు మీ స్వాధీనంలోనే ఉంచుకునే హక్కు మీకు ఉంటుంది. ఈ రెండింటికీ ఉన్న తేడా విలువే 6 లక్షలు.

ఇంకొక చిక్కు ఉంది, నా దృష్టిలో అసలు చిక్కు ఇదే. ఏడాదికి లక్షల్లో బాడుగ వచ్చే ఇంటిని ఒక మనిషి ఒకేసారి పెద్ద మొత్తం తీసుకొని వదులుకుంటున్నాడంటే, ఆయనకు ఆ సొమ్ము ఎక్కడో అత్యవసరంగా కావాలి. కొడుకు పెళ్లి కావచ్చు, పైన ఇంకొక అంతస్తు వేయడం కావచ్చు. బ్యాంకు అప్పు కూడా కావచ్చు. అందుకని ఆ ఇంటికి ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన తనఖాలూ లావాదేవీలూ చూపే ధ్రువపత్రం, తీయించండి. దానితో ఆగకండి. హక్కు పత్రాలు బ్యాంకులో పెట్టి తీసుకున్న అప్పు కొన్నిసార్లు ఈసీలో కనబడకపోవచ్చు. ఓనరును అసలు దస్తావేజులు చూపమని అడగండి. జిరాక్సులే తెచ్చి చూపిస్తుంటే అసలువి ఎక్కడున్నాయో మర్యాదగా అడగండి. ఇల్లు ముందే బ్యాంకు తాకట్టులో ఉండి, అప్పు మొండిబకాయి అయితే, 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు స్వాధీనానికి వచ్చినప్పుడు మీ నోటరీ కాగితాన్ని ఎవరూ చూడరు.

సొమ్మును బ్యాంకు ద్వారానే ఇవ్వండి. 20,000 రూపాయలు గాని ఆపైన గాని అప్పుగా, డిపాజిట్‌గా నగదులో తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. శిక్ష తీసుకున్నవారికే అయినా, సాక్ష్యం లేక నష్టపోయేది ఇచ్చినవారు. స్టాంపు డ్యూటీ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న దగ్గర ఓనరు వెనకాడితే చెరి సగం పెట్టుకుందామని చెప్పండి. దానికీ ఒప్పుకోకపోతే ఆ ఇల్లు మీకు వద్దు. నెలనెలా బాడుగకే ఒక చిన్న పోర్షన్ చూసుకోండి, మీ 6 లక్షలు పలమనేరు బ్యాంకులోనే వడ్డీ తెచ్చిపెడతాయి.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయినిని. నాకు పింఛను, మిద్దెపైన పోర్షన్ మీద వచ్చే బాడుగ, ఇవే ఆధారం. ముగ్గురు విద్యార్థులు రెండు నెలలుగా బాడుగ ఇవ్వడం లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదంటారు, ఊరికి వెళ్లి వచ్చి ఇస్తామంటారు. నీళ్లు ఆపేసి, వాళ్లు లేనప్పుడు నా తాళం వేసేయమని మా చుట్టాలు సలహా ఇస్తున్నారు. చేయవచ్చునా?
– ఒక పాఠకురాలు, బైరాగిపట్టెడ

జవాబు: చేయకండమ్మా. బాడుగ ఇవ్వకపోవడం వాళ్ల తప్పు, కాని నీళ్లు ఆపిన మరుక్షణం తప్పు మీ వైపు తిరుగుతుంది. బాడుగకు ఉన్నవారి వసతులను ఓనరు ఆపరాదన్న సూత్రం మన రాష్ట్రంలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలోనే చేరింది; నమూనా అద్దె చట్టమూ నీళ్లు, కరెంటు వంటి అత్యవసర సరఫరాలను ఆపడాన్ని నిషేధించింది. ఇక మీ తాళం వేస్తే, 1963 నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద, చట్టప్రకారం కాకుండా ఇంట్లోంచి వెళ్లగొట్టబడినవారు ఆరు నెలలలోగా దావా వేసి తిరిగి స్వాధీనం పొందవచ్చు. అక్కడ ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు. లోపల ఉన్న ల్యాప్‌టాపు పోయిందనో, సర్టిఫికెట్లు చిరిగాయనో ఫిర్యాదు వస్తే పోలీసు స్టేషను మెట్లు ఎక్కవలసింది మీరే. ఇలాంటి సలహాలిచ్చే చుట్టాలు ఆ రోజు వెంట రారు.

చేయవలసింది మరొకటి ఉంది. అగ్రిమెంటు గడువు అయిపోయిందా, అసలు రాసుకోనే లేదా అన్నది చూడండి. రాసుకోకపోయినా ఇబ్బంది లేదు. అటువంటి నివాసపు బాడుగను చట్టం నెలవారీ బాడుగగా భావిస్తుంది, దాన్ని 15 రోజుల లిఖితపూర్వక నోటీసుతో ముగించవచ్చు. ఇది ఆస్తి బదలాయింపు చట్టం 106వ సెక్షన్. నోటీసులో ఏ నెలల బాడుగ ఎంత బాకీ ఉందో, ఏ తేదీకి ఖాళీ చేయాలో రాసి, సంతకం చేసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, లేదా చేతికిచ్చి అందినట్టు సంతకం తీసుకోండి. అగ్రిమెంటు గడువు ఇంకా నడుస్తూ ఉంటే బాకీకి అందులో రాసుకున్న షరతే ముందు చూడాలి. నోటీసు తేదీ దాటినా కదలకపోతే కోర్టు ద్వారా ఖాళీ చేయించడమే మార్గం. అది నెమ్మదిగా సాగుతుందని నాకు తెలుసు.

అందుకే ముందు ఇంకొక పని చేయమంటాను. మీ దగ్గర అడ్వాన్సు ఉంటుంది కదా, రెండు నెలల బాకీ దానికి లోబడే ఉందా చూడండి. ఉంటే మీకు ఇంకా నష్టం జరగలేదు. పిల్లల తల్లిదండ్రుల ఫోను నంబర్లు మీ దగ్గర ఉంటే ఒకసారి వాళ్లతో మాట్లాడండి. ముగ్గురిలో ఇద్దరు ఇస్తున్న వాటా మూడో వాడి చేతిలో ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. ఇకనుంచి ముగ్గురూ విడివిడిగా మీ ఖాతాకే ఫోన్‌పేలో పంపాలని, ఏ నెల బాడుగో అందులో రాయాలని చెప్పండి. నగదు తీసుకుంటే రసీదు ఇవ్వండి, అది మీకూ రక్ష. కొత్తవాళ్లు చేరేటప్పుడు ఆధార్ నకలు తీసుకోవచ్చు, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే నకలు చాలు. అసలు కార్డుగాని, కళాశాల సర్టిఫికెట్లుగాని మీ బీరువాలో ఎప్పుడూ ఉంచుకోకండి.

ప్రశ్న: పోటీ పరీక్షల శిక్షణ కోసం వచ్చి, భోజనంతో కూడిన ప్రైవేటు హాస్టల్లో చేరాను. అన్నం బాగా లేక నెలన్నరకే బయటికి వచ్చాను. 5,000 డిపాజిట్ ఇవ్వరట. పైగా జీఎస్టీ కూడా నేనే కట్టాలంటున్నారు.

జవాబు: హాస్టల్లో మీకు ఉన్నది బాడుగ హక్కు కాదు, మంచం మీద ఉండే అనుమతి మాత్రమే, కాబట్టి పైన చెప్పిన 15 రోజుల నోటీసు వంటి రక్షణలు మీకు అంతగా అక్కరకు రావు. కాని డబ్బు తీసుకొని సేవ అందిస్తున్నారు కాబట్టి 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం మీకు ఉంది. చేరినప్పుడు ఇచ్చిన రసీదు వెనక ‘డిపాజిట్ తిరిగి ఇవ్వబడదు’ అని అచ్చు వేసి ఉన్నా, అది ఏకపక్ష షరతు అని వాదించే వీలు ఈ చట్టంలో ఉంది. ముందు వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయండి. 5 లక్షల లోపు విలువకు జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. వేయడానికి రెండేళ్ల గడువు ఉంది.

జీఎస్టీ విషయంలో 2024 జూన్ 22న జరిగిన 53వ కౌన్సిల్ సమావేశం నిర్ణయం ప్రకారం, మనిషికి నెలకు 20,000 రూపాయలకు మించని వసతికి, కనీసం వరుసగా 90 రోజులు ఉండేవారికి పన్ను మినహాయింపు ఇచ్చారు. మీరు 45 రోజులే ఉన్నారు కాబట్టి ఆ మినహాయింపును గట్టిగా పట్టుకోలేరు. అయినా వాళ్లకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ నంబరు ఉందా, ఆ నంబరుతో బిల్లు ఇస్తారా అని అడగండి. నంబరు లేనివారికి ఆ పేరుతో వసూలు చేసే అధికారం లేదు.

ప్రశ్న: మేము గదిలో లేనప్పుడు ఓనరు గారు తన దగ్గరున్న రెండో తాళంచెవితో లోపలికి వచ్చి వెళుతున్నారు. అడిగితే ‘నా ఇల్లు’ అంటున్నారు.
– ఇద్దరు విద్యార్థినులు

జవాబు: ఇల్లు ఆయనదే, కాని బాడుగ తీసుకున్నంత కాలం స్వాధీనం మీది. ఇంటి స్థితి చూడడానికి తగిన వేళల్లో రావడానికి యజమానికి హక్కు ఉన్నమాట నిజం. మీరు లేని వేళ, చెప్పకుండా రావడం ‘తగిన వేళ’ కాదు. నమూనా చట్టం 24 గంటల ముందు తెలియజేయాలంటుంది. ముందుగా ఒక వాట్సాప్ సందేశం పంపి, మీరు ఎప్పుడు ఇంట్లో ఉంటారో చెప్పి, ఆ సమయంలోనే రమ్మనండి. సందేశం సాక్ష్యంగా మిగులుతుంది. తలుపు గడియకు మీ సొంత తాళం వేసుకోండి, ఖాళీ చేసే రోజు తీసేయవచ్చు. తరువాత కూడా ఇదే జరిగితే 112కు ఫోను చేయడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: మా ఓనరు ఇప్పటికీ నెలకు 120 రూపాయలు చెత్త పన్ను అంటూ తీసుకుంటున్నారు. ఇంటి పన్ను పెరిగిందని మధ్యలో బాడుగ 1,500 పెంచమంటున్నారు.

జవాబు: 2021లో వచ్చిన చెత్త పన్ను 2024 చివరలో రద్దయింది, కాబట్టి ఆ 120 ఇక ఆపవచ్చు. ఇంటి పన్ను కట్టవలసిన బాధ్యత యజమానిదే. 2021 నుంచి పన్నును ఆస్తి మూలధన విలువ మీద లెక్కిస్తున్నప్పటికీ ఏడాదికి పెంపు 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు. ఆయన ఏడాది పన్ను 6,000 అయితే పెంపు మహా అయితే 900, అంటే నెలకు 75 రూపాయలు. అది మూడు పోర్షన్ల మీద పడితే మీ వాటా 25. అగ్రిమెంటులోని 11 నెలలు పూర్తయ్యేదాకా ఏకపక్షంగా పెంచే వీలు ఎలాగూ లేదు. పూర్తయ్యాక మాట్లాడుకొని తేల్చుకోండి.

ప్రశ్న: ఇల్లు నచ్చింది, బాడుగ కుదిరింది. చివరికి కులం అడిగి, ‘శాకాహారులకే’ అన్నారు. నేను మాంసాహారం మానేస్తానన్నా ఇవ్వలేదు.

జవాబు: ఇంట్లో మాంసం వండకూడదన్న షరతు పెట్టుకోవడం యజమాని ఇష్టం, క్షేత్రం ఉన్న ఊరు కాబట్టి ఆ అట్టలు ఇక్కడ ఎక్కువ. కాని మీరు ఆ షరతుకు ఒప్పుకున్నాక కూడా కులం చెప్పగానే ఇల్లు లేదన్నారంటే, శాకాహారం ముసుగు మాత్రమే. అంటరానితనం కారణంగా ఒకరు నివాస గృహం పొందకుండా అడ్డుకోవడం 1955 పౌర హక్కుల పరిరక్షణ చట్టం కింద నేరం. చిక్కంతా రుజువులోనే ఉంది. బ్రోకరు ముందు జరిగిన మాటలైతే ఆయన సాక్షి అవుతారు. సందేశాలలో అడిగి ఉంటే వాటిని చెరిపేయకండి. న్యాయ సేవల చట్టం షెడ్యూల్డు కులాల, తెగల వారికీ ఉచిత సహాయం ఇస్తుంది. ఇంకో ఇల్లు చూసుకొని ఊరుకోవడం తేలిక, మీ చదువుకు అదే మేలనిపించవచ్చు. ఆ నిర్ణయం మీది. కాని ఫిర్యాదు చేయడం వ్యర్థమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ప్రశ్న: పై అంతస్తు కాబట్టి కప్పు కారుతోంది. వానాకాలం వెళ్లాక చూద్దామంటున్నారు. మేమే బాగుచేయించుకొని బాడుగలో తగ్గించుకోవచ్చా?

జవాబు: షరతులతో. యజమాని చేయించవలసిన మరమ్మతును, నోటీసు ఇచ్చాక కూడా తగిన వ్యవధిలో చేయించకపోతే, బాడుగకు ఉన్నవారు చేయించి ఖర్చును వడ్డీతో సహా బాడుగలోంచి తగ్గించుకోవచ్చునని ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్ చెబుతుంది. ఇక్కడ ‘చేయించవలసిన’ అన్న మాట కీలకం. ఆ చట్టం మరమ్మతుల బాధ్యతను దానంతట అది యజమాని నెత్తిన పెట్టదు. ఒప్పందంలో ఉండాలి, లేదా స్థానిక ఆచారం కావాలి. కప్పు, గోడలు వంటి పెద్ద పనులు యజమానివే అన్నది మన ఊళ్లో ఎవరూ కాదనని ఆచారమే, అయినా అగ్రిమెంటులో ఒక వాక్యం ఉంటే ఈ వాదన అవసరమే రాదు.

మన తిరుపతికి అసలు వాన నైరుతిలో కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనంలో వస్తుంది. 2021 నవంబరులో వీధులు ఏరులై పారిన రోజులు ఇక్కడివాళ్లెవరూ మరచిపోలేదు. ‘వానాకాలం వెళ్లాక’ అంటే జనవరి. కాబట్టి ఇప్పుడే, నీటి మరకకు తేదీ కనిపించేలా ఫోటో తీసి, ఒక మేస్త్రీ చేత అంచనా రాయించి, రెండూ జతచేసి వారం రోజుల గడువుతో యజమానికి నోటీసు పంపండి. గడువు దాటితే అదే అంచనాకు లోబడి పని చేయించి, సిమెంటు, రసాయనం, కూలి బిల్లులు ఆయన పేరునే రాయించుకోండి. తగ్గించుకున్న బాడుగతో పాటు ఆ బిల్లుల నకళ్లు కూడా ఆయనకు పంపితే, రేపు బాకీ పడ్డారని మీ మీద ఎవరూ చెప్పలేరు.